పాత మిల్లు గేటు కింద దారి

నంద్యాల,
21-7-2025, సోమవారం.

ఆళ్లగడ్డలో ఉన్న మా యోహాను అన్నకు,

నంద్యాల నుంచి హుస్సేన్ వలి చేతులెత్తి నమస్కరించి రాసుకుంటున్నది. ఇక్కడ నేనూ పీరాంబీ దేవుని దయవల్ల బాగున్నాం. అక్కడ నువ్వూ సారమ్మ వదినా సుఖంగా ఉన్నారనే అనుకుంటున్నాను. నీ క్షేమం అడిగే ముఖం నాకు లేదని తెలుసు. అయినా ఉత్తరం అన్నాక ఆ మాటతో మొదలుపెట్టకపోతే చెయ్యి ముందుకు సాగదు.

నా నంబరు నువ్వు బ్లాక్ చేశావు. వేరే వాళ్ల ఫోన్ నుంచి రెండుసార్లు చేస్తే నా గొంతు వినగానే పెట్టేశావు. అందుకని కాగితం మీద పడ్డాను. చించి పారేయాలన్నా ముందు కవరు విప్పాలి కదా. విప్పినవాడు నాలుగు ముక్కలు చదవకుండా ఉండడని నా ధైర్యం.

ముందు శుభవార్త చెప్పేస్తాను. అన్నా, మన పాత మిల్లు గేటు కింద దారి పడింది! జూన్ పన్నెండో తేదీన తెరిచారు. నువ్వు ఇరవై ఏళ్లు దించి ఎత్తిన ఆ గేటు కడ్డీలు రెండూ ఊడబీకి లారీలో వేసుకుపోయారు. ఇప్పుడు పైన రైలు పోతూనే ఉంటుంది, కింద మనం పోతూనే ఉంటాం. ఎవరూ ఎవరి కోసం ఆగేది లేదు.

నెల రోజులకు పైగా ఎందుకు రాయలేదంటావేమో. వాన కోసం చూశాను. ఏ ఊళ్లో చూసినా అండర్ బ్రిడ్జి అంటే వానొస్తే చెరువు. మనదీ అట్లాగే అవుతుందేమోనని భయపడ్డాను. నిన్న ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల సేపు దంచికొట్టింది. వాన ఇంకా పూర్తిగా వెలవకముందే సగం కాలనీ గొడుగులేసుకుని అక్కడికి చేరింది. నీళ్లు పక్క కాలువలో పడి, గొట్టంలో దూరి, మద్దిలేరు వాగు వైపు వెళ్లిపోయాయి. దారి మీద చుక్క నిలవలేదు. ఎరువుల షాపు రంగయ్య తన మోపెడ్ మీద ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చి, కాళ్లెత్తి చూపించి, "చూడండప్పా, నా చెప్పులేమన్నా తడిసినాయా?" అని అరిచాడు. డెబ్బై ఏళ్ల మనిషి. అక్కడున్న అందరం ఈలలేశాం. పీరాంబీ కూడా వేసింది, దానికి ఈల వచ్చని ముప్ఫై ఏళ్ల కాపురంలో నాకు తెలియదు.

రంగయ్య పేరు రాయగానే నీ ముఖం మాడిపోయి ఉంటుంది. కొంచెం ఓపిక పట్టు. జరిగింది నీకు తెలిసిందే అయినా నా వైపు నుంచి ఒకసారి చెప్పనీ.

2018 ఆగస్టులో రైల్వే వాళ్లు మన గేటు దగ్గర ఏడు రోజులు బండ్ల లెక్క తీశారు. కింద దారి వేయాలంటే ఆ లెక్క ఇంత దాటాలని వాళ్లకో నియమం. సంగతి బయటికి చెప్పొద్దని నీకు పైవాళ్లు చెప్పారు, నువ్వు నాకు కూడా చెప్పలేదు. ఇద్దరు మనుషులు నీ గేటు గది అరుగు మీద కాగితాలు పెట్టుకుని కూర్చున్నారు. నువ్వు వాళ్లకు కుర్చీలిచ్చావు, కుండలో నీళ్లిచ్చావు. నెలన్నరకు పేపర్లో పడింది: లెక్క చాలలేదు, పాత మిల్లు గేటుకు అండర్ బ్రిడ్జి అక్కరలేదు అని. కిందికి దారి వస్తే గేటు పోతుంది, గేటు పోతే గేట్‌మన్ ఉద్యోగం పోతుంది, అందుకే యోహానే తక్కువ రాయించాడు అని ఎవరో ఒక మాట వదిలారు. ఆ సాయంత్రమే నలభై మంది నీ క్వార్టర్ ముందుకు వచ్చారు. అందరికంటే పెద్ద గొంతు రంగయ్యది. అతను నా వైపు తిరిగి, "వలీ, నువ్వు రోజంతా ఆడనే టీ కొట్టులో ఉంటావు గదా, ఈయప్ప కూర్చోని రాసేది నువ్వు చూసినావా లేదా?" అని అడిగాడు. నేను "చూసినా" అన్నాను.

ఆ ఒక్క మాటతో నువ్వు తలుపు వేసుకున్నావు. బదిలీ పెట్టుకుని వెళ్లిపోయావు, రిటైరై ఆళ్లగడ్డలో ఉండిపోయావు. రైలు లేని ఊరు వెతుక్కుని మరీ వెళ్లావని ఇక్కడ అనుకున్నారు. అంత గుంపును చూసి భయపడి అన్నానని నాకు నేను చెప్పుకున్నాను. తరువాత ఏ రోజూ టీ పొడి వేస్తూ నిన్ను తలవకుండా లేను. నువ్వు నమ్మకపోయినా సరే.

ఇక మంచి సంగతుల్లోకి వస్తాను. 2022 మార్చిలో గేటు గది గోడకు నోటీసు అంటించారు. ఈ గేటును శాశ్వతంగా మూసేస్తున్నాం, అందరూ ఓవర్ బ్రిడ్జి మీదుగా పోవాలి అని. అంటే ఎదురుగా కనపడే బడికి పిల్లలు రెండున్నర కిలోమీటర్లు తిరిగి పోవాలి. అవతల పొలాలున్న రైతులు, ఇవతల ఇళ్లున్న కూలీలు, ఆరు వందల గడపలు. పట్టాలకు రెండు పక్కలా గోడ కట్టేస్తే మా కాలనీ బతుకు అంతటితో సరి. మా వార్డు కౌన్సిలర్ రామేశ్వరమ్మ నీకు గుర్తుందో లేదో, పొలం పనికి పోయి వచ్చాక కొంగు బిగించి ఆఫీసులు తిరిగే మనిషి. ఆమె నోటీసు చించి సంచిలో పెట్టుకుని నేరుగా రైల్వే ఆఫీసుకు పోయింది. మూడుసార్లు పోయింది. నాలుగోసారి వాళ్లే విసిగి ఒక ఇంజినీరమ్మను పంపించారు. పేరు సుకన్య, పగిడ్యాల పిల్ల, మాట సూటిగా ఉంటుంది.

ఆమె బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టి లెక్క అంటే ఏమిటో చెప్పింది. లారీకి, బస్సుకు ఒకటి. ఆటోకు అర. స్కూటరుకు, మోటారు సైకిలుకు పావు. అదంతా కలిపి రోజుకు పోయే రైళ్లతో హెచ్చవేస్తారు, అది లక్ష దాటాలి. "నడిచేటోళ్లకు ఎంత మేడమ్?" అని రామేశ్వరమ్మ అడిగింది. సున్న అని చెప్పింది ఇంజినీరమ్మ. "అంటే నడిచేటోళ్లు మనుషులు కాదా?" అని రామేశ్వరమ్మ లేచి నిలబడింది. ఆ అమ్మాయి తల దించుకుని, నియమం నేను రాయలేదమ్మా అంది.

అప్పుడే పాత కాగితాలు తీసి చూపించింది అన్నా. లెక్క రాసింది బయటి నుంచి వచ్చిన ఆ ఇద్దరే, రోజూ కింద సంతకం కూడా వాళ్లదే, గేట్‌మన్‌కు దానితో సంబంధమే లేదు, అతను రాసేది రైళ్లు వచ్చిపోయే టైము మాత్రమే అని అందరి ముందూ చెప్పింది. రంగయ్య నన్ను చూసి, "మరి నువ్వు చూసినానంటివే?" అన్నాడు. రైలు పుస్తకంలో రాసేది చూశాను, నువ్వు అడిగింది అదే అనుకున్నాను అని చెప్పాను. పొరపాటు పడ్డామని అందరూ నాలుక కరుచుకున్నారు. ఇంజినీరమ్మ ఆ కాగితాల్లో ఇంకో వింత కూడా చూపించింది. మొదటి రోజు మోటారు సైకిళ్లు, స్కూటర్లు రెండు వేలకు దగ్గరగా ఉన్నాయి. రెండో రోజు నుంచి మూడు వందలు, రెండు వందలు, అంతే. లారీలూ ఆటోలూ మాత్రం ఎప్పటిలాగే. ఆ బండ్లన్నీ ఏమైపోయాయో నాకైతే అర్థం కావడం లేదు అంది. "యాడికి పోతాయి, దయ్యాలెత్తుకపోయుంటాయి" అని రంగయ్య అన్నాడు. అందరూ నవ్వారు. నేను గ్లాసులు కడగాలని లేచి వచ్చేశాను.

మళ్లీ ఒకసారి లెక్క తీయడానికి ఇంజినీరమ్మ ఒప్పుకుంది. మామూలుగా ఎట్లా తిరుగుతారో అట్లా తిరగండి, వేషాలేస్తే మాత్రం రద్దు చేస్తానంది. మే నెల రెండో వారం పెట్టారు. ఆ ఏడు రోజులూ నేను కొట్టు పీరాంబీకి వదిలేసి మెగాఫోను పట్టుకుని వీధులు తిరిగాను. "గేటు కాడ కూర్చున్నోళ్లు బండ్లు లెక్కపెడతాండారు, ఎవరికీ భయం లేదు, అందరూ ఈ దోవనే రండి" అని గొంతు పోయేదాకా అరిచాను. ఇంత పట్టుదల నీకు యాడి నుంచి వచ్చిందని పీరాంబీ ఆశ్చర్యపోయింది.

మన రంగయ్య చేసిన పని విను. రెండో రోజు మోపెడ్ వేసుకుని అటు ఒకసారి, ఇటు ఒకసారి, మధ్యాహ్నానికి పద్నాలుగుసార్లు తిరిగాడు. టోపీ మార్చాడు, తుండు మార్చాడు. కానీ ఆ మోపెడ్ చప్పుడు నంద్యాలలో ఇంకో బండికి ఉంటే కదా! పదిహేనోసారి వస్తుంటే ఇంజినీరమ్మ ఎదురుగా నిలబడి, "పెద్దాయనా, ఇంకొక్కసారి తిరిగితే ఈరోజు లెక్క మొత్తం కొట్టేస్తా" అంది. పదమూడు కొట్టేసి ఒకటి ఉంచింది. రంగయ్య మా కొట్టులో కూర్చుని నాలుగు టీలు తాగాడు. పావు పావు చేర్చి మూడు బండ్లు చేసినా, అన్నీ పాయె అని ఒకటే బాధ.

కానీ మాకు దొంగ లెక్క అవసరమే రాలేదు. మూడో రోజు నుంచి బనగానపల్లె మామిడి దిగింది. కాయల బండ్లు తెల్లవారేసరికి మిల్లు దాకా బారు కట్టేవి. టీ గ్లాసు ఎత్తితే మామిడి వాసన. వాటి వెనక ట్రాక్టర్లు, బడి ఆటోలు, మోటారు సైకిళ్లు. లక్ష కావాలంటే లక్షా అరవై మూడు వేలు వచ్చింది! రామేశ్వరమ్మ ఆ అంకెను మైకులో మూడుసార్లు చదివింది. పీరాంబీ సేమ్యా పాయసం చేసి వచ్చినవాళ్లకల్లా పోసింది.

అయితే లెక్క రాగానే దారి వస్తుందా? పట్టాల కింది పని రైల్వేది. రెండు పక్కల రోడ్డు, కాలువ, దీపాలు మున్సిపాలిటీ వాటా, తొంభై లక్షలు. డబ్బుల్లేవని ఏడాది తిప్పారు. ఆ ఏడాదే ఊరి మొదట్లో గడియారంతో పెద్ద స్వాగత తోరణం కట్టడానికి కోటి రూపాయలు పక్కన పెట్టారు. కౌన్సిల్ మీటింగులో రామేశ్వరమ్మ లేచింది. నేను బయట కిటికీ దగ్గర ఉన్నాను. "సార్, మీ తోరణం కింద దూరకపోయినా ఊర్లోకి రావచ్చు. మా పట్టాల కింద దూరకపోతే మేం ఇంటికే పోలేం. గడియారం చూసుకోను మా చేతికి వాచీలుండాయి" అంది. ముందు ఒకరు నవ్వారు, తరువాత ఇద్దరు బల్ల చరిచారు, చివరికి తోరణం డబ్బు మన దారికి మళ్లింది. ఓటింగులో నాలుగు చేతులు తప్ప అన్నీ లేచాయి. ఆమెను గేటు దాకా డప్పులతో తీసుకొచ్చాం. అప్పుడు గేటు వేసి ఉంది. గూడ్సు బండి పోయేదాకా అక్కడే నిలబడి ఎగిరాం.

ఇప్పుడు నీ సంగతి. ఇంజినీరమ్మ ప్లాను తెచ్చి మా కొట్టు బల్ల మీద పరిచింది. నీళ్ల గొట్టం తూర్పుకు పెట్టారు. నాకు వెంటనే నువ్వు గుర్తొచ్చావు. వాన పడినప్పుడల్లా గొడుగు కింద నిలబడి, "వలీ, చూడు, నీళ్లు మిల్లు మీద నుంచి వస్తాయి, మద్దిలేరు దిక్కే పోతాయి, యా సంవత్సరం దోవ మార్చలా" అనేవాడివి. అదే చెప్పాను. నీకెట్లా తెలుసని అడిగింది. నాకు కాదు, ఇరవై ఏళ్లు ఇక్కడ వానలో నిలబడిన మా యోహాను అన్నకు తెలుసు అన్నాను. ఆమె మనుషుల్ని పెట్టి మళ్లీ కొలిపించింది. నువ్వు చెప్పిందే నిజం. గొట్టం మద్దిలేరు ఉన్న పడమటికి మార్చారు. పాత గేట్‌మన్ యోహాను అనుభవం ప్రకారం మార్చినట్టు ఫైలులో ఒక పేజీ రాసి సంతకం పెట్టింది. నేను కళ్లారా చదివాను. నిన్న మా కాళ్లు తడవకుండా చేసింది నువ్వే.

ఆ ప్లానులోనే ఒక ఎర్ర గీత మా కొట్టు మీదుగా పోయింది. మా నాయన కొన్న సెంటున్నర. డబ్బు కోసం కోర్టుకు పోతే ఇంకో మూడేళ్లు పని ఆగుతుందని తెలుసు. ఊరికే రాసిచ్చేశాను. పీరాంబీ నాతో వారం మాట్లాడలేదు. "గేటు పడితేనే గదా నీ టీ అమ్ముడుపోయేది? గేటూ ఇస్తివి, కొట్టూ ఇస్తివి, ఇంగ మనమేం తినాల?" అంది. దాని మాటలో తప్పేమీ లేదు. ఇప్పుడు బడి పక్కన తోపుడు బండి మీద అమ్ముతున్నాను. ముందరంత వ్యాపారం లేదు, కానీ గడిచిపోతోంది.

తెరిచిన రోజు చూడాల్సింది అన్నా. పెద్దవాళ్లు కార్లలో వచ్చారు. రిబ్బన్ కత్తిరించాక ముందు కార్లు పోవాలని వాళ్ల ఏర్పాటు. రామేశ్వరమ్మ అడ్డంగా నిలబడి, లెక్కలో సున్నలైన వాళ్లు ముందు పోవాలి, తరువాతే బండ్లు అంది. కార్లు పక్కకు జరిగాయి. ముసలివాళ్లు, గంపలెత్తుకున్న ఆడవాళ్లు, పుస్తకాల సంచులతో పిల్లలు, కర్ర పట్టుకున్న వాళ్లు, ముందు మేం నడిచాం. మేం సరిగ్గా కింద ఉండగా పైన రైలు పోయింది. తల మీద అంత చప్పుడు పోతుంటే పిల్లలు కేకలు పెట్టారు. నేను ఏడ్చాను, ఎవరూ చూడలేదులే. తరువాత రంగయ్య మైకు అడిగి తీసుకుని, "యోహాను అన్నను అన్యాయంగా అంటిమి. నోరు పారేసుకునింది నేను. ఆయప్ప వస్తే కాళ్లు పట్టుకుంటా" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పి, స్థలమిచ్చిన త్యాగమూర్తి అని ఏమేమో అన్నారు.

అన్నా, ఒకసారి రా. సారమ్మ వదినను తీసుకుని రా. బస్టాండుకు రంగయ్యే వస్తానన్నాడు, కాకపోతే ఆ మోపెడ్ మీద ముగ్గురు పట్టరు, ఆటో మాట్లాడతాను. ఆ దారిలో నువ్వు ఒక్కసారి నడిస్తే చాలు.

వదినకు నమస్కారాలు. పీరాంబీ ఇద్దరినీ మరీ మరీ అడిగింది.

నీ తమ్ముడిగా ఇరవై ఏళ్లు టీ పోసిన,
హుస్సేన్ వలి.

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. ఇది రాయకుండా పైదంతా పంపితే ఇంకోసారి మోసం చేసినట్టే.

ఆ మోటారు సైకిళ్లను దయ్యాలు ఎత్తుకుపోలేదు. నేనే వెనక్కి పంపాను. 2018లో లెక్క తీసిన ఆ నెలలో ఊళ్లో హెల్మెట్లు లేవని ఎడాపెడా ఫైన్లు వేస్తున్నారు. మొదటి రోజు సాయంత్రం ఒకతను వచ్చి, అరుగు మీద కాగితాలతో ఉన్న వాళ్లెవరని అడిగాడు. నాకు తెలియదు. నిన్ను అడిగితే ఏదో ఒకటి చెప్పేవాడివి. అడగలేదు, అన్నీ తెలిసినవాడిలాగా "చలానాలు రాస్తాండారు, బండి తిప్పుకోని అట్ల పోప్పా" అన్నాను. ఆరు రోజులు కొట్టు ముందు నిలబడి వచ్చిన ప్రతి బండినీ అదే మాట చెప్పి మళ్లించాను. వలి అన్న పుణ్యాన వెయ్యి మిగిలిందని అందరూ మెచ్చుకుంటుంటే ఉబ్బిపోయాను. తరువాత వాళ్లూ మరిచిపోయారు, ఆ చలానాల మాటకూ లెక్క తగ్గడానికీ ముడిపెట్టిన వాళ్లు లేరు.

పేపర్లో పడిన రోజు నాకు అర్థమైంది. నీ క్వార్టర్‌కు వచ్చే గుంపులో నేను నడిచింది అది చెప్పడానికే. రంగయ్య నిన్ను చూపించి అడిగినప్పుడు, నిన్ను చూపిస్తే నన్ను ఎవరూ అడగరని తోచింది. "చూసినా" అన్నాను. నేను గుంపుకు భయపడలేదు, నా తప్పు బయటపడుతుందని భయపడ్డాను. బడి వరండాలో రైలు పుస్తకం అని చెప్పింది కూడా అబద్ధమే. కొట్టు రాసిచ్చింది త్యాగం కాదు.

ఏడేళ్లు నువ్వు మోసింది నా తప్పు అన్నా. వచ్చే ఆదివారం పది గంటలకు బడి వరండాలో వార్డు మీటింగు ఉంది. రంగయ్య ముందు, పీరాంబీ ముందు, అందరి ముందూ ఇదంతా చెబుతున్నాను. నువ్వు వచ్చినా చెబుతాను, రాకపోయినా చెబుతాను.